ఓర్లిన్ హెగ్‌స్టాడ్ వద్దన్న కుర్చీ

వాంగ్ ప్రెయిరీ ఊళ్ళో ఎవరూ దేనికీ మొదటిసారికే ఒప్పుకోరు. కాఫీ పొయ్యమంటారా అంటే వద్దనాలి. మళ్ళీ అడిగితే, మీకెందుకండీ శ్రమ అనాలి. మూడోసారి అడిగాక, పోనీ అర కప్పు పొయ్యండి అని, నిండు కప్పు తాగాలి. మినసోటాలోని ఆ లూథరన్ క్రైస్తవ జనానికి ఇది బాప్తిస్మంతో పాటే వంటబట్టిన మర్యాద. వెనకటికి ఇవెర్ సోల్‌బాకెన్ ఇల్లు అంటుకుంటే ఫైరింజను వాళ్ళు వచ్చి, "నీళ్ళు కొట్టమంటారా?" అని అడిగారట. "అబ్బే, ఇంత చలిలో మీకెందుకు శ్రమ?" అన్నాడట ఆయన. వాళ్ళు మూడోసారి అడిగేసరికి పొగగొట్టం ఒక్కటే మిగిలిందట. నమ్మనివాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు, పొగగొట్టం ఇంకా ఉంది.

ఓర్లిన్ హెగ్‌స్టాడ్ ఆ మర్యాదలోనే పుట్టి, ఆ మర్యాదలోనే జుట్టు రాలగొట్టుకున్నవాడు. ఊరి గుట్ట మీది నిడరోస్ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే చరిత్ర పాఠాలు చెప్పి, అక్కడే డీన్ అయ్యాడు. పాత అధ్యక్షుడు గుండె జబ్బుతో తప్పుకున్నాక, కొత్తవాడు దొరికేదాకా ఆ బాధ్యత ఓర్లిన్‌కి అప్పగించారు. పట్టపగలు అతను అధ్యక్షుడి తోలు కుర్చీలో ఎన్నడూ కూర్చోలేదు. పక్కన మామూలు కుర్చీ వేసుకుని పని చేశాడు. సాయంత్రం అందరూ వెళ్ళాక మాత్రం తలుపు వేసి, అందులో కాసేపు కూర్చునేవాడు. లేచాక, తను కూర్చున్న గుంట కనబడకుండా తోలును అరచేత్తో సర్దేవాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఇంతగా కోరుకున్నది ఇంకొకటి లేదు. ఆ మాట భార్య మార్వెల్‌కైనా నోరు విప్పి చెప్పలేదు. ఆమెకి చెప్పాల్సిన పనీ లేదు. అధ్యక్షుడి ఇంటి ముందునుంచి వెళ్ళినప్పుడల్లా ఆమె కారు వేగం తగ్గించేది.

మంచు కరగడం మొదలైన రోజుల్లో విశ్వవిద్యాలయం ట్రస్టీల పెద్ద గేలెన్ బ్రెకస్ ఊరిని చర్చి నేలమాళిగలోకి పిలిచాడు. గేలెన్ ట్రాక్టర్ల వ్యాపారి, ఓర్లిన్‌తో కలిసి చదువుకున్నవాడు. రాబోయే అధ్యక్షుడు ఎలా ఉండాలో అందరూ చెప్పాలన్నాడు. అందరూ వెనక వరసల్లో ఇరుక్కుని కూర్చున్నారు. ముందు వరసలు ఎప్పటిలాగే ఖాళీ.

"లూథరన్ అయ్యుండాలి," అంది వర్నా టోర్‌విక్. నేలమాళిగ వంటగది ఆవిడ రాజ్యం. "పుట్టుకతో. కానీ ఆ సంగతి మరీ పైకి కనబడకూడదు. మిగతా పిల్లలు కూడా చేరాలి కదా."

"డబ్బున్న ముసలమ్మల దగ్గర విరాళాలు తేవాలి," అన్నాడు ఒక రైతు. "నోరు తెరిచి అడక్కుండా."

"కొత్త ఆలోచనలు ఉండాలి."

"ఉండనీ. ఏదీ మార్చకుండా ఉంటే చాలు."

"కీర్తన మంద్రంగా, బాస్ గొంతులో పాడాలి. పుస్తకంలోకి తల దూర్చి పాడేవాడు మనకొద్దు."

"లూటెఫిస్క్ తినాలి," అంది వర్నా. "పళ్ళెంలో ఆ జిగురు చేప వణకాలి గానీ ఆయన వణక్కూడదు."

చివరికి పాస్టరు గొంతు సవరించుకున్నాడు. "వీటన్నిటికంటే ముందు వినయం. పదవిని కోరుకోనివాడే ఆ పదవికి తగినవాడు."

ఆ మాటకి తలలన్నీ ఊగాయి. కొన్ని తలలు ఓర్లిన్ వైపు కూడా తిరిగాయి. అతని చెవులు ఎర్రబడ్డాయి. వాళ్ళు చెప్పిందంతా తనే. బాస్ గొంతు తనది, వణకని నోరు తనది, ఏదీ మార్చని చెయ్యి తనది. వంచిన తల ఎత్తకుండా టై సవరించుకున్నాడు.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక గేలెన్ కేకు ముక్క పట్టుకుని అతని పక్కకి చేరాడు.

"ఏమోయ్ ఓర్లిన్, నిన్నే కూర్చోబెడదామని కొందరు అంటున్నారు. నీకు ఇష్టమేనా?"

ఓర్లిన్ గుండె గంతేసింది. నోరు మాత్రం తన అలవాటు ప్రకారం కదిలింది. "అబ్బే, నాలాంటివాడు దానికి తగుతాడా?"

"నిజంగానే వద్దంటావా?"

"నాకంటే మంచివాళ్ళు ఎంతమంది లేరు!"

ఇక మూడోది. 'మీరంతా అంతగా అంటుంటే పోనీ' అన్న మాట అప్పటికే నాలుక చివర సిద్ధంగా ఉంది. గేలెన్ కేకు ముక్క నోట్లో వేసుకుని, తీరిగ్గా నమిలి మింగాడు.

"నేనూ అదే చెప్పానోయ్ వాళ్ళకి. మన ఓర్లిన్‌కి అలాంటి ఆశలు లేవన్నాను. సరే, నీ పేరు తీసేయిస్తాలే," అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఓర్లిన్ కోటు తొడుక్కుని ఇంటిదారి పట్టాడు.

ఇంటికొచ్చి చెబితే మార్వెల్ కుర్చీలో కూలబడింది. "మూడోసారి అడగలేదూ?"

"లేదు."

"మర్చిపోయాడేమో."

"వాడికి వాళ్ళమ్మ పాలతో పాటు పోసిన మర్యాద, మార్వెల్. మర్చిపోతాడా?"

"అయితే కావాలనే చేశాడన్నమాట. నిన్ను కాదనే దమ్ము లేక, నీ నోటితోనే కాదనిపించాడు. ఫోన్ చేసి చెప్పు వాడికి."

"ఏమని చెప్పను? నాకు కావాలనా?"

ఆ మాట ఇంట్లో ఎవరో బూతు మాట్లాడినట్టు వినబడింది. ఇద్దరూ తల దించుకున్నారు. ఫోన్ ఎవరూ ముట్టుకోలేదు.

వేసవిలో ఆ పదవికి అభ్యర్థిగా హ్యూస్టన్ నుంచి డాక్టర్ కర్టిస్ మెక్‌లెన్ దిగాడు. లూథరనే గానీ, టెక్సస్ లూథరన్. నేలమాళిగ సమావేశంలో తిన్నగా వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు. కాఫీ ఇస్తామంటే మొదటిసారికే కప్పు చాపాడు. మాట్లాడమంటే లేచి నిలబడి, "ఈ ఉద్యోగం నాకు కావాలండీ. చాలా కావాలి," అన్నాడు. నేలమాళిగలో ఎవరికీ ఊపిరాడలేదు.

"సిగ్గూ ఎగ్గూ లేదమ్మా," అంది వర్నా వంటగదిలో. కాసేపు గిన్నె తోమి, "కానీ పాపం, నోరు తెరిచి అడిగేశాడు కదా. ఇప్పుడు కాదంటే ఏం బాగుంటుంది?" అంది.

అంతే. కాదనడం మర్యాద కాదని అతన్నే తీసుకున్నారు.

మెక్‌లెన్ చెడ్డవాడు కాదు. చేరిన వారంలోనే ఓర్లిన్‌ని పిలిపించి, ఆ తోలు కుర్చీలో వెనక్కి వాలి చెప్పాడు. "మీ డీన్ పదవి ఎత్తేసి, దాని బదులు ఉపాధ్యక్షుడి పదవి పెడుతున్నాను. ఇక్కడ మీకు తెలియంది లేదటగా? అందులో మీరే ఉండండి సార్, నాకు కుడిభుజంగా."

ఈసారి ఏమడిగినా అవునందాం అనుకుంటూనే మెట్లెక్కాడు ఓర్లిన్. మార్వెల్ కూడా గుమ్మం దాకా వచ్చి, అవునను, నా మీద ఒట్టు, అంది. అయినా ఆ కుర్చీలో పరాయి మనిషిని చూసేసరికి నోరు మళ్ళీ పాత అలవాటునే పట్టుకుంది.

"అబ్బే, నేనెందుకండీ? కుర్రవాళ్ళు బోలెడు మంది ఉన్నారు..."

"అర్థమైంది సార్. ఇన్నేళ్ళు కష్టపడ్డారు, విశ్రాంతి కావాలి మీకు." మెక్‌లెన్ లేచి రెండు చేతులతో చెయ్యి పట్టుకుని ఊపాడు. అతని కళ్ళలో నిజంగానే గౌరవం ఉంది. ఓర్లిన్ తలుపు దాకా వెళ్ళి, పిడి మీద చెయ్యి వేసి కాసేపు ఆగాడు. వెనకనుంచి ఏ పిలుపూ రాలేదు. మధ్యాహ్నానికల్లా అతని గదికి వేరేవాళ్ళ పేరుతో కొత్త పలక బిగించారు.

శరదృతువులో పట్టాభిషేకం జరిగింది. పదవి గొలుసు కొత్త అధ్యక్షుడి మెడలో వేసే పని ఓర్లిన్‌దే. పాత మనిషి చేతుల మీదుగా జరగడం అందంగా ఉంటుందని గేలెనే చెప్పాడు. గొలుసు కొక్కెం పట్టలేదు. మెక్‌లెన్ మెడ లావు. ఓర్లిన్ దానితో కుస్తీ పడుతుంటే జనం జాలిగా నవ్వారు.

తర్వాత చర్చి నేలమాళిగలో జరిగిన విందులో వర్నా అతని భుజం పట్టుకుంది. పక్కనే గేలెన్ పళ్ళెం నిండా బంగాళాదుంపల హాట్‌డిష్ పెట్టుకుని నములుతున్నాడు. రెండడుగుల దూరంలో మార్వెల్ ఉంది.

"ఎంత వినయం నాయనా నీది! ఆ రోజు మేం చెప్పుకున్నదంతా నీలోనే ఉంది. నువ్వయితే ఎంత బాగుండేది! నువ్వే వద్దన్నావటగా, నిజమేనా?"

గేలెన్ దవడ కదలడం ఆగింది. మార్వెల్ మొగుడి మొహంలోకి చూసింది.

"నిజమేనండీ," అన్నాడు ఓర్లిన్. "నేనే వద్దన్నాను."

గేలెన్ మళ్ళీ నమలసాగాడు. మార్వెల్ పళ్ళెం బల్ల మీద పెట్టి, కోటు తొడుక్కుని, అతని కోసం ఆగకుండా బయటికి నడిచింది. కారు కదిలిన చప్పుడు నేలమాళిగ దాకా వినబడింది. వర్నా అతని భుజం తడుతూనే ఉంది.