లియాన్‌లో ఒడిబియ్యం

అక్టోబరు నెల, రెండో శనివారం. తాండూరు, మా చిన్నమ్మాయి అత్తగారి ఇల్లు. ఉన్నవాళ్లు: నేను, నా భార్య, మా వియ్యపురాలు, మా అల్లుడు. మా చిన్నమ్మాయి ఫోనులో.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. వ్యవసాయ శాఖలో పనిచేసినన్నాళ్లూ ఏ రైతు సమావేశం జరిగినా ముందు తేదీ, ఊరు, హాజరైనవాళ్ల వివరం రాసుకునేవాణ్ని. పదవీ విరమణతో సమావేశాలు పోయాయి గాని ఆ అలవాటు పోలేదు. పెళ్లి మాటలైనా, ఆసుపత్రిలో పరామర్శ అయినా అట్లాగే రాస్తాను. ఆ రోజు "ఫోనులో" అని రాసేటప్పుడు మాత్రం కలం ఆగింది. ఆ పిల్లను హాజరు కింద రాయాలో గైర్హాజరు కింద రాయాలో తేలలేదు.

మేము కూర్చున్నది ఒక్క విషయం తేల్చడానికి. ఫ్రాన్సులో చదువుతున్న అమ్మాయి ఆ చదువు వదిలేసి వచ్చేయాలా, అక్కడే ఉండాలా?

మా చిన్నమ్మాయి తాండూరులోనే ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. నేలలో ఉండే సూక్ష్మజీవుల మీద పరిశోధన చేయాలని ఆమెకు ఎప్పటినుంచో కోరిక. రెండుసార్లు దరఖాస్తు పెట్టి కాదనిపించుకుంది. మూడోసారి లియాన్ నగరంలో సీటు వచ్చింది. అల్లుడు పొమ్మన్నాడు. అతనికి నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే యూనిట్ ఉంది. ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో ఇంటికి వచ్చి, ఆ దుమ్ము కడుక్కోకముందే "ఇంగ్లీషుల ఉత్తరం గిట్ల రాస్తే సరిపోతదా?" అని భార్య దరఖాస్తులు చదివిపెట్టిన మనిషి. ఇప్పుడు వదిలేసి వస్తే ఆ సీటు మళ్లీ రాదు. అందరికీ తెలిసిన సంగతే అది.

ఆమె వెళ్లేముందు జరిగినది కూడా చెప్పాలి. మా వైపు పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు మూడో ఏట, ఐదో ఏట, అట్లా బేసి సంవత్సరాల్లో ఒడిబియ్యం పోస్తారు. పసుపు, నూనె పట్టించిన బియ్యాన్ని ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలతో కలిపి చీర కొంగులో పోసి ఒడి నింపుతారు. ఆ బియ్యాన్ని ఆమె తన ఇంటికి తీసుకుపోయి వండి, నలుగురిని పిలిచి పెట్టి, తర్వాత తాను తినాలి. మా ఇంటి ఆనవాయితీలో ఐదుగురు ముత్తయిదువలు ఉండాలి. ఒక్కతే వండుకొని తినకూడదు.

అమ్మాయికి అది మూడో ఏడు. వీసా ఆలస్యంగా వచ్చింది. అయ్యగారు చెప్పిన మంచిరోజు సరిగ్గా ప్రయాణానికి ముందురోజు పడింది. వికారాబాద్‌లో మా ఇంట్లో ఒడి నింపాం. నింపిన బియ్యం ఎక్కడికి పోవాలన్న దగ్గర ఆడవాళ్లిద్దరికీ మాట కుదరలేదు.

"బియ్యం నా ఇంట్లకు రావాలె వదినె. కోడలు పోతే పోనియ్, నేనే వండి గల్లీల ఆడోళ్లందరికి పెడ్త" అన్నది వియ్యపురాలు.

"ఒడి ఎవరిదో వంట వాళ్లే చెయ్యాలె. ఆమె ఏడుంటే గదే ఆమె ఇల్లు" అన్నది నా భార్య.

"దొరల దేశంల ముత్తయిదువలను ఏడికెల్లి తెస్తది?"

"మనుషులు లేని ఊరుంటదా వదినె?"

నా భార్య మాటే నెగ్గింది. విమానాశ్రయంలో తూకం ఎక్కువైందన్నారు. మామూలు బియ్యం సంచి, కందిపప్పు, ఒక పచ్చడి సీసా తీసి మాకు తిరిగి ఇచ్చింది అమ్మాయి. పసుపు బియ్యం మూట మీద మాత్రం నా భార్య చెయ్యి వెయ్యనివ్వలేదు.

మొదటి రోజుల్లో అమ్మాయి దినమూ ఫోన్ చేసేది. అక్కడ మధ్యాహ్నం భోజనవేళ, మాకు సాయంత్రం. చెప్పినవి చెప్పినట్టు రాసుకున్నాను. గదిలో మంచం, బల్ల, చేతులు కడుక్కునే తొట్టి ఉన్నాయి. కిటికీ తీస్తే ఎదురుగా గోడ, పక్కన సన్నగా వీధి ముక్క. వంటిల్లు అంతస్తులో అందరికీ కలిపి ఒకటే. తలుపు లాగితే దానంతటదే తాళం పడుతుంది, తాళంచెవి లోపల పెట్టి రెండుసార్లు బయట నిలబడింది. ఆదివారం కొట్లు మూసేస్తారు. ఊళ్లో రెండు నదులు, రెండూ బూడిద రంగులోనే ఉన్నాయట. వాన మన వానలా దబదబా కురిసి ఊరుకోదు, పొద్దంతా సన్నగా పడుతూనే ఉంటుందట.

నా భార్య మాత్రం దినమూ ఒకటే అడిగేది. "ఒడిబియ్యం వండినవా బిడ్డా?"

"వండుత అమ్మా. జర మనుషులు తెలువనియ్."

అటునుంచి వియ్యపురాలు కూడా అదే అడిగేది. సెప్టెంబరు చివర్లో ఒకనాడు అమ్మాయి వండానని అత్తగారికి చెప్పింది. ఐదుగురు వచ్చి తిన్నారన్నది. రొట్టెల కొట్టు నడిపే ఆమె, పక్క గదిలో పాటలు పాడే పిల్ల, గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చే అమ్మాయి, బస్సు నడిపే ఆమె, కుక్కను పట్టుకొని తిరిగే ఒక ముసలాయన. పేర్లు అడిగితే "మీకు నోరు తిరగదు అత్తమ్మా" అన్నదట. ముసలాయన ముత్తయిదువ ఎట్లవుతాడని నా భార్య కొంచెం నొచ్చుకుంది. "దొరికినోళ్లు దొరికిండ్రు, వదిలెయ్ వదినె" అన్నది వియ్యపురాలు. తన కోడలు దొరలకు పసుపన్నం పెట్టిందని గల్లీ అంతా చెప్పుకున్నది.

ఆ తర్వాత అమ్మాయి ఫోన్లు పొట్టివయ్యాయి. కెమెరా ఖరాబైందని మొహం చూపించడం మానేసింది. మేము కూర్చున్న ఆ శనివారానికి రెండు రోజుల ముందు, గురువారం, భర్తకు సందేశం పంపింది. "నేను వచ్చేస్త. టికెట్ చూడు." ఇంకేమీ లేదు.

అందుకే మేము శనివారం పొద్దున్నే వికారాబాద్‌లో రైలెక్కి తాండూరు పోయాం. బిడ్డ వచ్చేస్తే నా భార్యకు సంతోషమే, ఆ సంతోషం నాకు కనపడనివ్వడం ఆమెకు ఇష్టం లేదు. నాకు ఆ పిల్ల అక్కడే ఉండాలని ఉంది. అది ఆమెకూ తెలుసు. ఇద్దరం కిటికీలోంచి కంది చేలు చూస్తూ కూర్చున్నాం.

వియ్యపురాలు చాయ్ ఇచ్చి, ముందు నా మీదనే పడింది.

"ఏందన్నా, నీ బిడ్డ మస్తు గట్టిది అంటివి. ఐదుగురు దోస్తులున్నరు, వండి పెట్టుకుంటున్నది. ఇంక రంది దేనికి?"

"పరాయి దేశం వదినె, రంది ఉండదా?" అన్నది నా భార్య.

"నేను పెళ్లై వచ్చిన్నాడు గీ తాండూరు నాకు పరాయి దేశమే. ఇటుపక్కోళ్లు కన్నడం, అటుపక్కోళ్లు ఉర్దూ. మీ అన్న పొద్దుగాల సద్ది పట్టుకొని కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీకి పోతే మాపటికి వస్తుండె, వచ్చినా మాట్లాడకపోతుండె. నాతోని ముచ్చట వెట్టేది మా బర్రె ఒక్కటే. నేను టికెట్ అడిగిన్నా?"

ఆ "మీ అన్న" అంటే కాలం చేసిన మా వియ్యంకుడు. మాకు నవ్వు వచ్చింది. అల్లుడు నవ్వలేదు. "జర ఊకోయే అమ్మా, లైన్ కలిసింది" అని ఫోనును స్టీలు చెంబుకు ఆనించి పెట్టాడు.

ఈసారి మొహం కనిపించింది. మెడకు శాలువా చుట్టుకుని ఉంది. అక్కడ తెల్లవారి ఎంతోసేపు కాకపోయినా అప్పుడే నిద్ర లేచిన మొహం కాదు అది, అసలు పడుకోని మొహం.

"బిడ్డా, ఎందుకు రావాలనుకుంటున్నవో నిదానంగ చెప్పు. ఎవరన్న ఏమన్న అన్నరా?" అన్నాను.

"ఎవ్వలేమనలే నాయినా. అందరు మంచోళ్లే."

"మరి?"

"పొద్దుగాల రొట్టెల కొట్టామె బోంజూర్ అంటది, నేను బోంజూర్ అంట. మాపటి దాంక గదే నా ముచ్చట. ల్యాబుల ఇంగ్లీషుల మొదలు వెడ్తరు, నవ్వొచ్చే మాట రాంగనే ఫ్రెంచిలకు మర్లుతరు. అందరు నవ్వినంక నేను గూడ నవ్వుత. ఎందుకు నవ్విన్నో నాకే తెల్వది."

వియ్యపురాలు ఫోను దగ్గరికి జరిగింది. "మరి నీ అన్నం తిన్నోళ్లేమైండ్రు? గా కుక్క ముసలాయనతోనన్న ముచ్చట వెట్టరాదా?"

అమ్మాయి పక్కకు చూసింది.

"అత్తమ్మా, వాళ్లెవ్వలు రాలే."

"యాడికి రాలే?"

"నా గదికి. నేను పిలువలే. వండనే లేదు. మూట గట్లనే ఉన్నది."

అమ్మాయే చెప్పింది. "మీరు రోజు అడుగుతుంటిరి. ఐదుగురు కావాలె. నాకు రోజు కనవడేది, ఇనవడేది గా ఐదుగురే. కొట్టామె పేరు తెల్వది. ముసలాయన కిటికీ ముంగట్నుంచి పోతుంటడు. పక్క గది పిల్ల పాట ఇనవడ్తది, మొకం ఒక్కసారే చూసిన. వాళ్లకే పెట్టిన అని చెప్పిన."

"పిలిస్తే రాకపోదురా బిడ్డా?" అన్నది నా భార్య.

"ఏమని పిలువాలె అమ్మా? ఒకనాడు పక్క గది తలుపు కాడికి పోయిన. లోపట ఎవరో నవ్వుతున్నరు. మర్లొచ్చిన."

నేను ఏదో ఒకటి చెప్పవలసిన చోటు అది. నా మొదటి పోస్టింగు బంట్వారంలో. తెలియని ఊరు, ఒంటరిగా దిగాను. పెట్టె కింద పెట్టకముందే ఎదురింటావిడ వచ్చి "ఎవలోళ్లు? ఏ ఊరు? తిన్నవా?" అని అడిగి, జొన్నరొట్టె, పుంటికూర తెచ్చి పెట్టింది. ఊరు కొత్త అంటే నాకు తెలిసింది ఆపాటిదే. తిన్నావా అని అడిగే మనిషి లేని చోట ఎట్లా బతకాలో నా పిల్లకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. "ధైర్యంగ ఉండు" అన్నాను. చెప్పాక ఆ మాట నాకే ఉత్తదిగా వినిపించింది.

"ధైర్యం సంగతి తర్వాత" అని వియ్యపురాలు నన్ను పక్కన పెట్టేసింది. "గల్లీ అంత డప్పు కొట్టుకున్న గదనే! దొరలు నా కోడలు చేతి అన్నం తిన్నరని. ఇప్పుడు నా మొకం యాడ పెట్టుకోవాలె?"

అమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది. వియ్యపురాలు గొంతు మార్చింది.

"సరే, ఏడువకు. ఓ పని చెయ్. గియ్యాల గా మూట విప్పు. వండుకో. ఒక్కదానివే తిను."

"వద్దు వదినె!" నా భార్య లేచి నిలబడింది. "ఒడిబియ్యం ఒక్కతే తినొద్దు. మంచిది కాదు. వచ్చేటప్పుడు గట్లనే పట్టుకరానియ్, ఈడ వండుకుందం."

"తినకుంటనే ఏం మంచి జరిగింది వదినె? గా మూటను చూసుకుంట పిల్ల ఎండిపోతున్నది. దోషముంటే నా కొంగుల కట్టుకుంట. మీ అన్న పోయినంక నాకు కొత్తగా పోయేదేమున్నది?" తర్వాత ఫోను వైపు తిరిగి, "తిన్నంక గూడ రావాలనిపిస్తే రా. గేటు నేనే తీస్త" అన్నది.

అల్లుడు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "టికెట్ ఆపి వెట్టిన. రేపు పొద్దటి దాంక ఉంటదట. చెయ్యమంటవా?" అని అడిగాడు. ఉండు అనలేదు, రా అనలేదు.

"రేపు చెప్త" అని అమ్మాయి ఫోను పెట్టేసింది.

మేము ఆ రోజు వెళ్లిపోదామనుకున్నాం, వియ్యపురాలు పోనివ్వలేదు. నా భార్య మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని మెతుకులు అటూ ఇటూ నెట్టి లేచింది. ఆడవాళ్లిద్దరూ ఒకే గదిలో ఉండి కూడా నా ద్వారానే మాట్లాడుకున్నారు. "అన్నా, వదినెకు దుప్పటి కావాల్నో అడుగు." "అక్కర్లేదని చెప్పు." అల్లుడు యూనిట్‌కు పోయి చీకటి పడ్డాక వచ్చాడు. ఏమైనా తెలిసిందా అని ఎవరమూ అడగలేదు, ఏమీ తెలియలేదని అతని నడకలోనే ఉంది.

ఆదివారం పొద్దున వియ్యపురాలు పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తోంది. నా భార్య ఆమెకు ఎదురుగా పీట మీద కూర్చుంది. అల్లుడు ఫోను పట్టుకొని వంటింటి గడపలోకి వచ్చాడు. మేము పడుకున్నాక వచ్చిన సందేశమట. పైకి చదివాడు.

"టికెట్ వద్దు. బియ్యం వండుకొని తిన్న. ఒక్కదాన్నే. పక్క గది తలుపు కొట్టలే, కొట్టబుద్ధి కాలే. సోమవారం ల్యాబుకు పోత. ఒక్కటి మాత్రం మీరందరు ఇనాలె. క్రిస్మస్ సెలవుల దాంక నాకు ఫోన్ చెయ్యకుండ్రి. మీ గొంతులు ఇన్ననాడు నేను ఈడ ఉండలేకపోతున్న. కోపం కాదు. మా అమ్మకు మంచిగ చెప్పు."

అల్లుడు టికెట్ వదిలేసినట్టు ఫోనులో ఏదో నొక్కి, దాన్ని గూట్లో పెట్టాడు. నేను కోరుకున్నదే జరిగింది. సంతోషం మాత్రం రాలేదు.

"ఒక్కతే తిన్నదా?" అన్నది నా భార్య.

"తిన్నది గద వదినె." వియ్యపురాలు పెనం మీది రొట్టెను తిప్పింది. కొడుకు వైపు చూసింది. "ఏమేసుకొని తిన్నదో అడుగురా. ఉత్త అన్నం తినెనో, ఏమో."

"ఫోన్ చెయ్యొద్దన్నది గదనే" అన్నాడు అల్లుడు.

"ఔ, అన్నది గద" అని ఆమె ఆ రొట్టె తీసి నా భార్య పళ్లెంలో వేసింది. మా రైలుకు ఇంకా చాలా సమయం ఉంది. గూట్లో ఉన్న ఫోనును ఎవరమూ ముట్టుకోలేదు.