రెండు బండ్లకు ఒకే స్టెప్నీ

లగ్వాత్ టాక్సీ స్టాండులో పాతికేళ్ళుగా పంక్చర్లు వేస్తున్నాను. ఎవడి టైరు ఎన్నాళ్ళు నిలుస్తుందో చూసి చెప్పగలను. మనుషుల దగ్గరే నా లెక్క తప్పుతుంది. లఖ్దర్ నాకంటే అమాయకుడు.

లఖ్దర్, తొహామీ ఇద్దరూ గర్దాయా ఊరికి వెళ్ళే ఎడారి దారిలో ఒకే రకం పాత పెజో కార్లు నడుపుతారు. పెట్రోలు మానేసి గ్యాసు పెట్టించాక, స్టెప్నీ గుంటలో గ్యాసు ట్యాంకు కూర్చుంది. టైరు డిక్కీలో పడేస్తే జనం సామాను పట్టదు.

"రోజూ సగం దారిలో ఎదురుపడతాం కదరా, ఇద్దరికీ ఒకటి చాలదూ?" అన్నాడు తొహామీ.

లఖ్దర్ తన కొత్త టైరు తీసుకెళ్ళి వాడి డిక్కీలో పెట్టాడు. నేను వద్దంటే, "వాడు నాకు తోడబుట్టినవాడి కంటే ఎక్కువ, మామా" అన్నాడు.

మొన్న చలికాలంలో లఖ్దర్ వాళ్ళక్క జొహ్రాకు కంటి ఆపరేషను. తల్లి పోయాక లఖ్దర్‌ని పెంచింది ఆవిడే. రెండు కళ్ళకూ పొరలు. డాక్టరు గర్దాయాకు ఆరునెలలకోసారి వస్తాడు. మధ్యాహ్నం పన్నెండులోపు చేరకపోతే పేరు కొట్టేస్తారు. అందుకే ఆ రోజు బేరాలు మానుకుని, పొద్దున్నే అక్కనొక్కదాన్నే ఎక్కించుకుని బయలుదేరాడు.

దారిలో బెరియాన్ ఊరికి ఇవతల వెనక టైరు చీలిపోయింది. లఖ్దర్ కంగారుపడలేదు. జాకీతో బండి ఎత్తి, చక్రం ఊడదీసి, తొహామీ కోసం కూర్చున్నాడు. ఆ దారిలో ఆగిన బండిని చూసి ఆగకపోవడమంటే, గుమ్మంలోకి వచ్చినవాడికి మంచినీళ్ళు లేవనడమే. రెండు లారీలు ఆగాయి.

"పెద్దమ్మను నేను దించుతాలే, ఎక్కించు" అన్నాడు ఖర్జూరాల లారీవాడు.

"వద్దన్నా. మావాడు వచ్చేస్తుంటాడు" అని పంపేశాడు లఖ్దర్.

వాడు వచ్చాడు, బండి నిండా జనంతో. లఖ్దర్ రోడ్డు పక్కన నిలబడి రెండు చేతులూ ఊపాడు. తొహామీ వేగమైనా తగ్గించకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత గంటన్నర దాకా మరో బండి లేదు. గొర్రెల లారీ ఎక్కి గర్దాయా చేరేసరికి రెండయింది. డాక్టరు వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎండాకాలంలోనే.

మర్నాడు లఖ్దర్ ఎవరిదో టైరు అడిగి వేసుకుని అక్కతో స్టాండుకు వచ్చాడు. తొహామీ నా కొట్టు ముందే టీ తాగుతున్నాడు. లఖ్దర్ పలకరించలేదు. నేరుగా వెళ్ళి వాడి డిక్కీ తెరిచాడు. టైరు పెట్టింది పెట్టినట్టే ఉంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది వాడి స్నేహం.

"ఒట్టురా, నిన్ను చూడలేదు. ఎండ సూటిగా కళ్ళలో కొట్టింది" అన్నాడు తొహామీ.

పొద్దునపూట గర్దాయా నుంచి ఉత్తరానికి వచ్చేవాడికి కళ్ళలో ఎండేమిటి? నాకు ఒళ్ళు మండింది. లఖ్దర్ మాత్రం నేల చూస్తూ నిలబడ్డాడు, తప్పు తనే చేసినట్టు.

జొహ్రా తలుపు పట్టుకుని మెల్లగా దిగింది. గొంతు వినబడిన వైపు తిరిగింది.

"నీ తొందర నీదిలే నాయనా, అబద్ధమెందుకు? ఈ కళ్ళకే నీ బండి కనబడింది."