ఏనుగు రాని ఆ పొద్దు

సాయంత్రం అయిదున్నర అయ్యేసరికి హోసూరులోని మా ఇంట్లో వెచ్చబెట్టిన ఆముదం వాసన లేస్తుంది. మా అమ్మాయి సుజాత చాప పరిచి, ఆరేళ్ల కొడుకు నందును కూర్చోబెట్టి, కాళ్లకు నూనె రాసి, పాదాలను మెల్లగా పైకి వంచి, ఒకటీ రెండూ అని లోలోపల లెక్కబెట్టుకుంటుంది. వ్యాయామం డాక్టరు చెప్పినది, ఆముదం మా ఆవిడ చెప్పినది. నూనెవల్ల లాభమూ లేదు నష్టమూ లేదని డాక్టరు నవ్వి ఊరుకున్నాడు. ఆ వాసన తగలగానే నా డెబ్బైరెండేళ్లూ ఎటో పోతాయి. డెంకణికోట దగ్గర అడవి అంచు ఊళ్లో, మా అమ్మ అన్న కాళ్లకు ఇదే నూనె రాస్తూ ఉంటే, నాకూ రాయమని పక్కన కూర్చుని ఏడ్చే ఏడేళ్లవాణ్ణయిపోతాను.

మా ఊరి రాగిచేలు ఎంత ఎత్తు పెరిగేవంటే, మేతకు వచ్చిన ఏనుగు అందులో దారి తప్పి రెండు రోజులు తిరిగేది. సరే, అంత లేదు. నా రొమ్ముదాకా వచ్చేవి. అప్పటికి నా రొమ్ము ఎంత ఎత్తని! ఏనుగులు మాత్రం నిజం. మంచెలమీద కాపలా కాసి, పొద్దున్నే కళ్లెర్రగా దిగివచ్చే పెద్దవాళ్లూ, తొక్కిన చేనును చూసి గట్టుమీద కూలబడే మా నాయనా నిజం. మంచు కురిసే నెలల్లో అనపకాయలు వచ్చేవి. రాత్రి నానబెట్టిన గింజలను పొద్దున పిల్లలందరమూ చట్టి చుట్టూ చేరి వేళ్లతో పితికితే, పొట్టు చేతిలో మిగిలి పప్పు చెంగున ఎగిరేది. చట్టిలో పడినదానికంటే ఒకరు పితికితే మరొకరి నుదుటికి తగిలినదే ఎక్కువ. వేడి సంగటి ముద్దలో గుంట చేసి, ఆ పితికిపప్పు పులుసు పోసుకుని, చెయ్యి కాలుతూ ఉంటే ఊదుకుంటూ తినేవాళ్లం. నుదుటికి గురిపెట్టి కొట్టడంలో మా అన్న రత్నాన్ని మించినవాడు లేడు. కూర్చుని ఆడే ఆటలన్నింటిలోనూ అతనిదే గెలుపు.

నిలబడి ఆడే ఆటలకు అతను రాడు. నాకంటే మూడేళ్లు పెద్ద. వాడి పిక్కలు చూసి ఊరంతా ముచ్చటపడేది, అంత లావుగా, రాయిలా గట్టిగా ఉండేవి. ఇంటికి ఎవరొచ్చినా మా అవ్వ వాడి పంచె పైకి లాగి, "చూడండప్పా, గరడీలో కుస్తీ పట్టేటోళ్ల పిక్కలు! మా రత్నం పహిల్వాను అవుతాడు" అనేది. ఆ పహిల్వాను కింద కూర్చుంటే మాత్రం ఊరికే లేవలేడు. ముందు బోర్లా తిరిగి, చేతులు నేలమీద ఊని, తర్వాత మోకాళ్లమీద, ఆ తర్వాత తొడలమీద పెట్టి, తనమీద తానే ఎక్కుతున్నట్టు లేచేవాడు. నేను అది అచ్చంగా చేసి చూపించి పిల్లలను నవ్వించేవాణ్ణి. అన్నా నవ్వేవాడు. అదీ చెప్పాలి కదా.

ఒక నాటువైద్యుడు వచ్చి, ఏటిగడ్డన ఇసుకలో వీణ్ణి నడుముదాకా పాతిపెట్టి, పొద్దుటెండలో రోజూ కాసేపు ఉంచితే నలభై దినాలకు గుర్రంలా పరిగెత్తుతాడని చెప్పాడు. నాయన గుంట తవ్వి, అన్నను దించి, ఇసుక కప్పి చేనికి పోయేవాడు. అమ్మ వచ్చి తీసేదాకా పక్కన కూర్చోవడం నా పని.

ఇక్కడినుంచి నా మనవడికీ మనవరాలికీ ఎన్నో ఏళ్లుగా చెబుతూ వచ్చిన కథ వేరు. ఆ కథలో ఒక ఒంటరి ఏనుగు ఏటికి వస్తుంది. నేను కదలకుండా అన్న ముందు నిలబడతాను. అన్న ఇసుకను చీల్చుకుని లేచి, ఆ పహిల్వాను పిక్కలతో నేలను ఒక్క తన్ను తన్నితే, ఏనుగు తోక ముడిచి అడవిలోకి పోతుంది. ఒక్కోసారి రెండు ఏనుగులు కూడా వచ్చేవి, నందు తినే ముద్దలను బట్టి.

ఏ ఏనుగూ రాలేదు. నేనే పోయాను. ఏటికి అవతలి తోటలో మామిడికాయలు రాలుతున్న చప్పుడు విని, ఇప్పుడే వస్తానని చెప్పి పోయి, కాయలు ఏరి, ఉప్పూ కారమూ సంపాదించి, ఉడతల వెంట పరిగెత్తి, ఎండ నడినెత్తికి వచ్చాక గుర్తొచ్చి తిరిగొచ్చాను. ఆ పొద్దు అమ్మకు చేనిలో ఆలస్యమైంది. అన్న పెదవులు పగిలి ఉన్నాయి. చేతులకు అందినంత మేర ఇసుక గీరుకున్న గుర్తులు చుట్టూ ఉన్నాయి. చేతులతో గబగబా తవ్వుతూ ఏడ్చాను. అంతలో అమ్మ వచ్చి నన్ను కొట్టబోతే, "వాణ్ణి అనొద్దమ్మా, మామిడికాయ తెమ్మని నేనే పంపించినాను" అన్నాడు.

ఆ వానాకాలానికి అన్న నడక ఆగిపోయింది. నేను లెక్క కట్టుకున్నాను: ఇసుకలో ఎక్కువసేపు వదిలేసినందుకే కాళ్లు చచ్చిపోయాయి. ఒకసారి ధైర్యం చేసి, అన్నకు ఏమైందని అమ్మనడిగాను. "ఏమీ లేదురా, పో, ఆడుకోపో" అంది. నేను పోయి ఆడుకున్నాను. నాకు పద్నాలుగేళ్లప్పుడు అన్న పోయాడు. అప్పుడూ ఎవరూ ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇసుక సంగతి నా ముందు ఎవరూ ఎత్తకూడదని, దానిమీద ఒక ఏనుగును నిలబెట్టాను.

అందుకే నందు పిక్కలు లావెక్కినప్పుడు ఊరంతా చాటింది నేనే. "పెద్దతాత పిక్కలు! మా ఇంటికి పహిల్వాను తిరిగొచ్చినాడు" అన్నాను. వాడు తొడలమీద చేతులు ఊని లేవడం చూసిన రోజు, వీణ్ణి డాక్టరుకు చూపించమని సుజాతతో అన్నాను. బెంగళూరు డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఇది పుట్టుకతోనే కండల్లో ఉన్న జబ్బనీ, తల్లి వైపునుంచి మగపిల్లలకు దిగుతుందనీ, ఆ లావు బలం కాదనీ చెప్పాడు. నేను చేసుకున్నది మా అక్క కూతుర్నే. మా అమ్మనుంచి అక్కకు, అక్కనుంచి మా ఆవిడకు, ఆవిడనుంచి సుజాతకు, సుజాతనుంచి నందుకు. మేనరికం కాకపోయినా ఆ దారిన వచ్చేదేనని డాక్టరు అన్నాడు. పెద్దపిల్లకు నిజం దాచవద్దని కూడా అన్నాడు.

పెద్దపిల్ల యామినికి తొమ్మిదేళ్లు. "దానికి చెప్పి యాల భయపెట్టేది నాయనా? అది బిడ్డ" అంది సుజాత. నేనూ తలూపాను. కానీ నెల రోజులుగా యామిని తమ్ముడితో పోట్లాడటం మానేసింది. రంగు పెన్సిళ్లు వాడికే, కిటికీ పక్క చోటు వాడికే. వాడు జుట్టు పట్టి లాగినా ఊరుకుంది. ఇంట్లో అందరూ ఎంత బుద్ధిమంతురాలని మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ బుద్ధి ఎక్కడో చూసినట్టనిపించింది. అన్న నడక ఆగాక నేనూ అంతే బుద్ధిమంతుణ్ణయ్యాను.

మొన్న ఆదివారం డెంకణికోటనుంచి అనపకాయలు వచ్చాయి. సుజాత నందును తీసుకుని ఫిజియోథెరపీకి పోయింది. యామినీ నేనూ చట్టి ముందు కూర్చుని గింజలు పితుకుతున్నాం. ఒక్క పప్పూ నా నుదుటికి తగలలేదు.

"ఏమ్మా, తాతను కొట్టవా?"

తల ఎత్తలేదు. "తాతా, స్కూలు మెట్లకాడ నేను నందూని తోసినాను."

"ఎప్పుడు?"

"పోయిన ఏడు. పెన్సిలు పెరుక్కున్నాడని. పడినాడు. ఆ పొద్దునుంచే వాడికి లేసేకి అయ్యేలేదు. అమ్మకు చెప్పొద్దు."

అరవై అయిదేళ్ల కిందటి నేను ఎదురుగా రెండు జడలు వేసుకుని కూర్చున్నాను. ఇంకొక ఏనుగును తోలుకురావడం నాకు క్షణం పని. ఆ క్షణం గడవనిచ్చాను.

"ఏనుగు కథ అబద్ధం తల్లీ," అన్నాను.

"రెండో ఏనుగా?"

"రెండూనూ. మా అన్న పహిల్వాను గాదు. వాడికీ ఇదే జబ్బు. వాణ్ణి ఇసుకలో ఇడిసిపెట్టి నేను మామిడికాయలకు పోయినాను. నావల్లనే కాళ్లు పోయినాయని ఇన్నేండ్లూ అనుకుంటా వచ్చినాను. నావల్ల గాదంట. డాక్టరు చెప్పినాడు. అది పుట్టేటప్పుడే ఒంట్లో ఉంటాది. నువ్వు తోసినందుకు రాలే. తోయకున్నా వచ్చుండును."

"నిజంగానా? ఇదీ కథనా?"

అలా అడిగించుకోవడానికి నేను తగినవాణ్ణే. "మీ అమ్మ వస్తానే అడుగు. నా ముందరే అడుగు."

ఇంకొక గింజ పితికింది. "నందూ కూడా నడవడా?"

"ఇంకా కొన్నేండ్లకు కష్టమైతాది. కుర్చీ కావల్సి వస్తాది. మా అన్నకు డాక్టరు లేడు, మందు లేదు. వీడికి ఉండాయి."

"పెద్దతాత మాదిరి చచ్చిపోతాడా?"

"తెలీదమ్మా. డాక్టరుకే తెలీదు. నాకు తెలిసింది నీకు చెప్తాను. దాచను."

ఏడ్చింది. ఒళ్లోకి తీసుకున్నాను. పొట్టు అంటిన చేతులతో నేనూ ఏడ్చాను. నేను ఏడ్చిన మాట ఎవరికీ చెప్పవద్దని తర్వాత అడిగితే, "దాచనని నువ్వే చెప్పినావు గదా" అంది.

సుజాత తిరిగి రాగానే నా ముందరే అడిగింది. సుజాత నా వంక చూసి, చెప్పుల కాళ్లతోనే కింద కూర్చుని, కూతురికి అంతా చెప్పింది. ఆ సాయంత్రం రంగు పెన్సిళ్ల దగ్గర అక్కాతమ్ముళ్లు పెద్దగా అరుచుకున్నారు. నేను అడ్డుపోలేదు.

తర్వాత ఆముదం వాసన లేచింది. చాపమీదనుంచి నందు, "తాతా, ఏనుగు కథ!" అన్నాడు. నేను యామిని వైపు చూశాను.

"చెప్పు తాతా," అంది. "అయితే ఈ తూరి పెద్దతాతను ఇసుకలోనుంచి నువ్వే తవ్వి తియ్యి. బిరీన తియ్యి."

ఇప్పుడు ఆ ఏట్లో ఇసుక లేదు, లారీలు ఎత్తుకుపోయాయి. రెల్లూ ఫ్యాక్టరీల నురుగూ మిగిలాయి. మామిడితోట ఇళ్లస్థలాలైంది. అవ్వా, అమ్మా, అన్నా ఎవరూ లేరు. ఆ సాయంత్రం చెప్పిన కథలో నేను మామిడికాయలకు పోలేదు. ఎండ ఎక్కకముందే, రెండు చేతులతో తవ్వాను.