నాయన జేబులో వేపపుల్ల

ఈ రోజు మా అన్న తన స్పోర్ట్స్ కారు మార్చి ఇంకోటి చూసుకోవడానికి నంద్యాల వెళ్తుంటే నేనూ, నాయనా తోడు వెళ్లాం. ఇప్పుడున్న ఎర్ర కారు మరీ నేలబారుగా ఉంటుంది. ఆళ్లగడ్డలో మా వీధి స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా దాని అడుగు గీరుకుంటుంది. స్పోర్ట్స్ కారు తప్ప వేరేది తోలనంటాడు అన్న. గీరుకునేదైతే ఇంటికి తేవద్దంటాడు నాయన.

అందుకే నాయన పొద్దున్నే ఆ స్పీడ్ బ్రేకర్ ఎత్తుకు సరిగ్గా ఒక వేపపుల్ల కోసి జేబులో పెట్టుకున్నాడు. పాత కార్లు అమ్మే చోట ఒక్కో కారు దగ్గరా వంగి, పుల్లను నిలబెట్టి అడుగున తోసి చూశాడు.

"ఏందప్పా, కారు కొననీకొచ్చినావా, కాలవ లోతు చూడనీకొచ్చినావా?" అన్నాడు అమ్మే ఆయన.

రెండు కార్లకు పుల్ల తగులుకుంది. మూడోది పసుపు రంగుది, దాని కింద సాఫీగా దూరింది. అదే ఖాయం చేసుకుని వచ్చాం.

సాయంత్రం ఎర్ర కారులోనే తిరిగొస్తుంటే వీధి మొదట్లో పంక్చర్ అంగడి మస్తాన్ మామ ఆపాడు. అన్న వేగం చూడలేక ఆ స్పీడ్ బ్రేకర్ పోయించింది ఆయనే.

"కొత్తది బాగా ఉరుకుతాదా?"

"దీనికి రెండింతలు మామా," అన్నాడు అన్న, ఆగలేక.

మామ నాయన జేబులోని పుల్ల తీసుకుని తిప్పి చూశాడు. "అయితే ఇది నా కాడ ఉండనీ. బ్రేకర్ ఇంకో బెత్తెడు ఎత్తు పోయాల."

నిజం చెప్పాలంటే నాకు మామ మీద కోపం రాలేదు. అన్న అంత వేగంగా తోలితే ఆ కారులో పక్క సీటు నాదే కదా. మీరు ఎవరి వైపు?