సంతను మింగేసిన పాలడబ్బా

మొన్న ఆదివారం చాపరాయి దగ్గర మా అమ్మాయి నన్ను రాతిమీద కూర్చోబెట్టి ఫోన్లో ఫొటో తీసి, నా వెనకాల నీళ్ళలో గెంతుతున్న టూరిస్టులందరినీ వేలితో ఇలా రాసి అలా తుడిచేసింది. అది గొప్పగా చూపిస్తుంటే నాకు నవ్వాగలేదు. నలుగురైదుగురేం ఖర్మ, ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో నేను అరకు సంత మొత్తాన్ని, ఎడ్లతో మేకలతో సహా, ఒక పాలపొడి డబ్బాతో మాయం చేశాను. నన్ను ఎరిగినవాళ్ళు నా మాటల్లో సగం కోసేసి వింటారు, అందుకు నాకేం కోపం లేదు. కానీ ఈ ఒక్క కథకి మాత్రం మా ఇంటి గోడమీద సాక్ష్యం వేలాడుతోంది.

ఆ ఏడాది మా సైన్సు మాస్టారు కాలేజీలో ఫొటోలు తీయడం నేర్పించడం మొదలుపెట్టారు. ఉన్నది ఒక్క కెమెరా, మేమేమో పద్నాలుగు మందిమి. వెలుతురు, అది దూరే కన్నం, ఆ కన్నం తెరిచి ఉంచే సేపు, ఈ మూడే ఫొటో అంటే, తక్కినదంతా డాబు అనేవారాయన. చివర్లో అందరికీ ఒకటే ప్రాజెక్టు: సంతలో ఒక మనిషిని ఫొటో తీసి తేవాలి, తేనివాళ్ళ పేరు జాబితాలోంచి కొట్టేస్తారు. కెమెరాకి వంతులు వేస్తూ నా దాకా వచ్చేసరికి నా నోరు ఊరుకోలేదు. డొంకరాయి డ్యాము దగ్గర పనిచేసే మా మావయ్యకి ఏనుగు కన్నంత అద్దమున్న కెమెరా ఉందని, దాంతో చూస్తే అవతలి కొండమీద చీమ మీసాలు లెక్కపెట్టుకోవచ్చని చెప్పేశాను. మావయ్య ఉన్నమాట నిజం, ఆయన దగ్గర టార్చిలైటు ఉన్నమాటా నిజమే. మాస్టారు శ్రద్ధగా విని, అలాగైతే నీకు కాలేజీ కెమెరా ఎందుకులే అని నా వంతు ఇంకొకరికి ఇచ్చేశారు.

వారం తిరక్కుండానే వెళ్ళి, మావయ్య కెమెరా సీలేరు నదిలో పడిందని, దాన్ని చేప మింగేసిందని విన్నవించుకున్నాను. ఆయన నవ్వనూ లేదు, తిట్టనూ లేదు. ఖాళీ పాలపొడి డబ్బా ఒకటి చేతిలో పెట్టి, లోపలంతా పొయ్యిమసి పూసి సూదిమొనతో కన్నం పొడిచి తెమ్మన్నారు. తెస్తే, చీకటిగదిలో దాని లోపల ఒక ఫొటో కాగితం అమర్చి, కన్నం మీద నల్లటేపు అతికించి, ఇది తప్పితే ఇంకో కాగితం లేదన్నారు. సూదికన్నంలోంచి వెలుతురు నూలుపోగులా వస్తుంది గనక పావుగంట తెరిచి ఉంచాలట. ఆ సేపంతా కదలకుండా ఉన్నవాళ్ళే పడతారు, కదిలినవాళ్ళు పడరు.

సంతలో పావుగంట కదలని మనిషి ఎక్కడ దొరుకుతుంది? నాకు దిక్కు మా మేనత్తే. ఆమె పసుపుకొమ్ములు అమ్మేది, ఆమె చేతులూ మెడా నోరూ ఒకదానితో ఒకటి పోటీపడి ఆడేవి. ఆమె కోసం దారి పొడుగునా ఒక మంచి అబద్ధం అల్లుకుంటూ వెళ్ళాను గానీ, తీరా ఎదురుగా కూర్చునేసరికి అది నోటికి రాలేదు. మావయ్య కెమెరా కథ, నా పేరు కొట్టేస్తారన్న సంగతి, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

“ఏటే గుంటా, నీ నోట నిజం రావడం ఇదే మొదలు,” అంది అత్త. “దానికైనా కదలకుండా కూకుంటాను.”

మంచు విడిచి ఎండ కాసింది. డబ్బాని రాయి మీద పెట్టి, టేపు ఊడదీసి, సెకనుకొకటి చొప్పున తొమ్మిదివందల దాకా లెక్క మొదలుపెట్టాను. మూడొందల దగ్గర కింద ఊళ్ళనుంచి వచ్చే షావుకారు దిగబడి, గొడుగు పసుపురాశి పక్కన నేలలో గుచ్చి బేరం ఎత్తుకున్నాడు. మామూలు రోజైతే అత్త ఆయన మాటకి నాలుగు మాటలు వేసేది. ఇప్పుడు పలకలేదు. ఆయన ధర కొంచెం పెంచాడు, అత్త కనురెప్ప కూడా కదలలేదు. గొడుగు అక్కడే వదిలేసి విసుక్కుని వెళ్ళిపోయాడు, మళ్ళీ వచ్చాడు, ఆమె చుట్టూ ఓసారి తిరిగాడు. నోరు తెరిస్తే లెక్క తప్పుతుందని నేనూ బిగుసుకుని ఉన్నాను. చివరికి ఆయనే దిగొచ్చాడు.

“పంతమేటమ్మా ఇంత? సరే, పోయిన వారం నువ్వడిగిన ధరే ఇత్తాను.”

అప్పటికి నేను ఎనిమిదొందల డెబ్భైలో ఉన్నాను. మిగతా ముప్ఫై అంకెలూ అయ్యి నేను టేపు అతికించాకే అత్త ఊపిరి వదిలి, తూసుకో బాబూ అంది.

చీకటిగదిలో ఎర్రబల్బు కింద మందునీళ్ళలో కాగితం మీద నలుపు తెలుపు తారుమారైన బొమ్మ మెల్లగా తేలింది. దాన్నించి మాస్టారు అసలు బొమ్మ తీశారు. చూద్దునుగదా, సంత లేదు. జనం లేరు, ఎడ్లు లేవు, షావుకారు లేడు. ఖాళీ నేల నడుమ పసుపురాశి వెనకాల మా అత్త ఒక్కర్తే, పక్కన గొడుగు. చీమ మీసాలు కనిపించలేదు గానీ, అత్త ముక్కుకి ఉన్న మూడు కమ్ములూ లెక్కపెట్టుకోవచ్చు. మాస్టారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసి, కెమెరాతో తీసిన పదమూడు ఫొటోలకీ పైన తగిలించారు. అత్తకి చూపిస్తే, “సంతంతా ఏటైపోనాది?” అని ఆశ్చర్యపోయి, అందరూ కదిలారు, నువ్వొక్కదానివే నిలిచావని చెప్పగానే ఆ మాట పెదబయలు దాకా చాటింది. ఆ తర్వాత ఏ షావుకారు వచ్చినా ముందు కాసేపు ఉలకకుండా పలకకుండా కూర్చునేది, అది వేరే సంగతి.

అత్త ఇప్పుడు లేదు. చాపరాయి నుంచి ఇంటికొచ్చాక ఈ కథంతా చెబితే, మా అమ్మాయి గోడమీది బొమ్మని ఫోన్లోకి ఎక్కించుకుని, గొడుగు అడ్డంగా ఉందమ్మా, తుడిచేయనా అని వేలు పెట్టింది. ఈ రోజుల్లో ఫొటో కోసం ఎవరూ ఎవరికోసమూ ఊపిరి బిగబట్టనక్కర్లేదు, రెప్పపాటు చాలు. అక్కర్లేనివాళ్ళని ఆనక తీరిగ్గా తుడుచుకోవచ్చు. దాని వేలు పట్టుకుని పక్కకి తీశాను. ఉండనీవే, అది కూడా మా అత్తతోపాటు కదలకుండా నిలబడిందే అన్నాను.