బాపు మెచ్చిన రొయ్యలు

కూర బాగుందని మా బాపు అన్న రోజు ఇంట్లో అందరం భయపడ్డాం.

మా ఇంట్లో కంచం ముందు మెచ్చుకునే అలవాటు లేదు. నార్కట్‌పల్లి దగ్గర రైసు మిల్లులో ఏళ్ల తరబడి హమాలీ చేసిన బాపు, కట్టంగూర్ పక్కన మా ఊళ్లో అన్నానికి కూర్చున్నప్పుడల్లా ఏదో ఒక వంక పెట్టేవాడు. ఉప్పు ఎక్కువైందనేవాడు, లేకపోతే కారం తక్కువైందనేవాడు. రెండూ సరిగ్గా కుదిరిన రోజున అన్నం మరీ వేడిగా ఉందనేవాడు. అంటూనే మూడుసార్లు పెట్టించుకునేవాడు. వంట ఎలా కుదిరిందో అమ్మ ఆ వంకలను బట్టే తెలుసుకునేది. వంక ఎంత పెద్దదైతే కూర అంత బాగున్నట్టు లెక్క.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు, ఒక వానాకాలం చివర ఆయనకు డెంగీ వచ్చింది. నల్గొండ దవాఖానలో తొమ్మిది రోజులుండి సగం మనిషిగా ఇంటికొచ్చాడు. నేనప్పుడు నల్గొండలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ కిరాయి ఇంట్లో ఉండేవాణ్ని. దసరా సెలవులు కాబట్టి నేనూ నా భార్యా ఊళ్లోనే ఆగిపోయాం. బలమైన తిండి పెట్టమని డాక్టరు చెప్పాడు. పెట్టడంలో మాకు లోటు లేదు. తినేవాడి దగ్గరే వచ్చింది చిక్కు.

మొదటిరోజే అమ్మ ఆయనకిష్టమైన కూర వండింది, వంకాయల్లో ఎండు రొయ్యలు వేసి. బాపు రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపాడు.

"ఎట్లున్నదయ్యా?" అని అడిగింది అమ్మ.

"మంచిగున్నది."

అమ్మ వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మళ్ల దవాఖానకు తోల్కపోదామా బిడ్డా? మంచిగున్నదంటుండు."

సముద్రం మాకు చాలా దూరం. మా దాకా వచ్చేసరికి రొయ్య ఎండిపోతుంది. అందుకే మాకు రొయ్య అంటే ఎండు రొయ్యే, గురువారం అంగడిలో గోనెపట్టా మీద కుప్పపోసి డబ్బాతో కొలిచి ఇచ్చేది. దాన్ని ముందు నూనె లేకుండా పెంక మీద గలగలమనేదాకా వేయించాలి. పాత గుడ్డలో మూటగట్టి నలిపితే తలలు, కాళ్లు, మీసాలు ఊడతాయి. చాటలో చెరిగితే పొట్టు ఎగిరిపోయి రొయ్య మిగులుతుంది. ఇంత అయ్యాకే వంట. అమ్మకు మా అవ్వ ఇలాగే నేర్పింది. నా భార్యకు కల్వకుర్తి దిక్కు వాళ్లింట్లోనూ ఇలాగే నేర్పారు. అంతవరకు అత్తాకోడళ్లకు పేచీ లేదు. వేయించిన రొయ్య దేంట్లో పడాలన్న దగ్గరే జిల్లాలు వేరయ్యేవి.

రెండోరోజు నా భార్య పుల్లటి పుంటికూరలో, అదే గోంగూరలో, వేసి వండింది. అమ్మ గిన్నెలోకి తొంగిచూసింది.

"మీ దిక్కు అన్నిట్ల పుంటికూరేస్తరేందమ్మా? ఛాయిల గూడ ఏస్తరా?"

"ఎయ్యం అత్తమ్మా. పాలిరుగుతయి గదా."

బాపు రెండు ముద్దలు తిని అది కూడా మంచిగున్నదన్నాడు. మూడోరోజు అమ్మ మామిడి ఒరుగులు నానబెట్టి రొయ్యల పులుసు పెట్టింది. నాలుగోరోజు నా భార్య ఉల్లిగడ్డలు ఎర్రగా వేయించి, రొయ్యలు వేసి, పైన కోడిగుడ్లు కొట్టి పోసింది. అన్నీ మంచిగున్నాయి. నలభై ఏళ్ల కాపురంలో దాచిపెట్టిన మెప్పునంతా ఆయన ఆ నాలుగు రోజుల్లో ఖర్చు చేశాడు. అయిదోరోజు సొరకాయ కూర ముందు కూర్చుని, "పాపం, మీరు గూడ మస్తు తిప్పలపడుతుండ్రు" అన్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. వదులైపోయిన చొక్కా లోపల ఆయన భుజాల ఎముకలు కనిపిస్తున్నాయి. బస్తాలు మోసిన భుజాలు అవి. ఈ మనిషి ఇక తినడేమో అన్న మాట ఇంట్లో ఎవరూ అనలేదు గానీ, అందరి ముఖాల మీదా అదే ఉంది.

చదువుకున్నవాడిని కాబట్టి నేను రంగంలోకి దిగాను. లోపం కూరలో లేదని, ఎండు సరుకులో సత్తువ ఉండదని తేల్చాను. ఆదివారం బండేసుకుని నార్కట్‌పల్లి వెళ్తే, రోడ్డు పక్కన ఒకాయన థర్మాకోల్ డబ్బాలో ఐసు మీద పచ్చి రొయ్యలు పెట్టి అమ్ముతున్నాడు. అడిగితే పొట్టు తీసి కూడా ఇచ్చాడు. కిలో తెచ్చి అమ్మ ముందు పెట్టాను.

"గివి ఎండలేదేందిరా?"

"పచ్చియమ్మా. బలం."

"నీళ్లు కారుతున్నయి గదరా" అని అమ్మ పెంక పొయ్యి మీద పెట్టింది. రొయ్యలన్నిటినీ దాని మీద పోసింది. నేను బయటికొచ్చి ఫోను చూసుకుంటూ కూర్చున్నాను. చదువుకున్నవాడి బాధ్యత తేవడం వరకే కదా.

రొయ్యల నుంచి ఊరిన నీళ్లు ఇగరడానికి ఒక పావుగంట పట్టింది. ఇగిరాక కూడా అవి గలగలమనలేదు. అమ్మ మంట పెంచి ఇంకాసేపు తిప్పింది. నా భార్య వచ్చి చూసి, "ఇంకా మెత్తగనే ఉన్నయి అత్తమ్మా, జర ఆగుండ్రి" అంది. పెళ్లయిన ఆరేళ్లలో ఇద్దరూ ఒకే మాట మీద నిలబడటం నేను చూసింది ఆరోజే. ముప్పావుగంటకు కిలో రొయ్యలు గుప్పెడు రొయ్యలయ్యాయి. వేలెడంత ఉన్నవి గోరంత అయ్యాయి. అమ్మ వాటిని చాటలో పోసుకుని తృప్తిగా చూసింది.

"ఇగో, ఇప్పుడైనయి రొయ్యలు."

అప్పుడు నాకు అనుమానం వచ్చి ఫోనులో వెతికాను. అందులో ఒకామె పచ్చి రొయ్యలను అయిదు నిమిషాలకు మించి పొయ్యి మీద ఉంచొద్దని, ఉంచితే రబ్బరవుతాయని చెబుతోంది. ఆ మాట నేను వంటింట్లో చెప్పలేదు. టమాటలు, పచ్చిమిర్చి వేసి ఇద్దరూ కలిసి కూర చేశారు.

బాపు ఒక రొయ్యను నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఇటు దవడ నుంచి అటు దవడకు మార్చి మళ్లీ నమిలాడు. మేము ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. చివరికి దాన్ని బయటికి తీసి, వెలుతురులో పెట్టి పరీక్షించాడు.

"ఏందే గిది? సైకిల్ టూబు గిట్ల కోసినవా?"

అమ్మ కంచం దగ్గరికి వంగింది. "ఏమన్నవయ్యా?"

"ఏమనాలె? పండ్లూడుతున్నయి. ఎవడు తెచ్చిండు గివ్వి?"

"నీ కొడుకే."

"అనుకున్న. ఆని సదువంత గిట్లనే ఉంటది." అక్కడితో ఆగలేదు. వారం రోజులుగా తిన్నవన్నీ ఒక్కొక్కటే బయటికి తీశాడు. వంకాయ చేదుందట. పుంటికూర పండ్లు పులిసేలా ఉందట. పులుసులో రొయ్యలు ఈత కొడుతున్నాయట. "అసలు మీకు రొయ్యలు కొననే రాదు. పంటికింద అంతా ఉసికే. గురువారం నేనొస్త అంగడికి."

నా భార్య పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తన పుంటికూరకు వంక పెట్టినందుకు అంత సంతోషించిన కోడలు జిల్లాలో ఇంకెవరూ ఉండరు.

గురువారం నా భుజం పట్టుకుని నడిచాడు. రెండుచోట్ల కూర్చున్నాడు. ఎండు చేపలమ్మే ఆమె ఆయన్ను ఎగాదిగా చూసింది.

"గింత బక్కగైనవేందే అన్నా?"

"నీ రొయ్యలు గూడ బక్కగైనయి గదనే చెల్లె."

ఒక రొయ్యను తీసి వాసన చూశాడు, వేళ్ల మధ్య విరిచాడు, కొరికి ఉమ్మేశాడు. రెండో కుప్పలోదీ అంతే చేశాడు. "తినేదంత ఈడనే తింటవా, కొనేదేమన్న ఉన్నదా?" అని ఆమె కసిరింది. బాపు చాలా రోజుల తర్వాత నవ్వాడు. మూడో కుప్ప కొన్నాడు.

ఇంటికి రాగానే వంటింటి గడప మీద కూర్చున్నాడు. ఇంట్లో ఏనాడూ పొయ్యి వెలిగించని మనిషి వంట చెప్పడం మొదలుపెట్టాడు. వంకాయ వద్దు, పుంటికూర వద్దన్నాడు. అమ్మ రొయ్యలు వేయించి, నలిపి, చెరిగింది. నా భార్య ఎండుమిరపకాయలు వేయించింది. ఎల్లిగడ్డ రెబ్బలు, ఇంత చింతపండు, ఉప్పు వేసి ఇద్దరూ వంతులవారీగా రోట్లో కచ్చాపచ్చాగా నూరారు. వేడన్నంలో ఆ రొయ్యల కారం కలిపి, పైన కాస్త నూనె పోసి అమ్మ కంచం ఆయన ముందు పెట్టింది.

బాపు తల ఎత్తకుండా తిన్నాడు. కంచం ఖాళీ అయ్యాక చెయ్యి చూపించాడు. అమ్మ మళ్లీ పెట్టింది. అది కూడా సగం అయ్యాక ఆగాడు.

"ఎల్లిగడ్డ ఎక్కువైంది."

"ఎక్కువైతే ఇడిసిపెట్టు. ఇటియ్యి కంచం" అని అమ్మ వంగి అంచు పట్టుకుని లాగింది.

ఆయన ఎడమచేత్తో కంచాన్ని గట్టిగా అదిమిపెట్టి, కుడిచేత్తో తింటూనే ఉన్నాడు. అమ్మ కాసేపు లాగుతూనే ఉంది, ఎంత బలం వచ్చిందో చూద్దామన్నట్టు.