లేని పేజీలు చదివిన గొంతు

పోయిన ఏడాది వైశాఖమాసం, మంగళవారం, మధ్యాహ్నం రెండున్నర. పలాసలో మా తమ్ముడు కూర్మారావుకి డయాలసిస్ చేసే ఆసుపత్రి. కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద ఆటోలు కనబడుతున్నాయి. ఎండ పెళపెళలాడుతోంది. దెయ్యం కథకి కావలసిన చీకటి అక్కడ లేదని ముందే చెప్పేస్తున్నాను.

నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. జీడి పిక్కలు కొట్టి బతికినదాన్ని. తెల్లారకముందే తోటల మధ్యనుంచి ఒక్కదాన్నే నడిచి పనికి వెళ్ళేదాన్ని. ఎవరైనా పూనకమని ఊగిపోతుంటే మొహాన నీళ్ళు కొట్టండి అనే రకం. ఇది చదివి నన్ను భూతవైద్యుడి దగ్గరికి వెళ్ళమని ఎవరూ సలహా ఇవ్వొద్దు. నాకు ఓపిక లేదు.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. వయోజన తరగతిలో సంతకం నేర్పి వదిలేశారు. అసలు చదవడం నేర్పింది మా తమ్ముడు, ఆసుపత్రి మంచం మీద పడుకుని. నేర్పిన పుస్తకం వీడియో గేమ్ గైడు.

గైడంటే పరీక్షలకి పిల్లలు కొనేది కాదు. ఆటలో దారి చెప్పే పుస్తకం. ఏ గదిలో తాళంచెవి ఉంది, ఏ తలుపు తీస్తే ఏ జంతువు మీద పడుతుంది, గోడలా కనబడేది ఎక్కడ గోడ కాదు, అన్నీ రంగురంగుల పటాలేసి చెబుతారు. మెరిసే కాగితం, మంచి వాసన. తమ్ముడు వయసులో ఉండగా టెక్కలిలో టీవీ ఆటల కొట్టు నడిపేవాడు. అప్పట్లో అలాంటి గైడ్లు బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. ఆటలో ఎటూ పాలుపోక ఇరుక్కుపోయినవాడికే పుస్తకం చూపించేవాడు. అదీ ఆ ఒక్క పేజీ మాత్రమే. తర్వాతి పేజీలు తిప్పితే చేతి మీద కొట్టేవాడు. సెల్‌ఫోన్లు వచ్చాక కొట్టు మూతపడింది.

తర్వాత కిడ్నీలు పోయాయి. మా వైపు ఇది వింత కబురు కాదు. మా వీధిలో వాడు మొదటివాడూ కాదు. కొబ్బరితోట మధ్య పుట్టినవాడికి కొబ్బరినీళ్ళు తాగొద్దన్నారు. మందస నుంచి బస్సెక్కి వారంలో మూడు రోజులు పలాస వెళ్ళి, నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకోవాలి. మరదలు సావిత్రి, నేను తోడు వెళ్ళేవాళ్ళం.

ఆ నాలుగు గంటలూ వాడికి నరకం. పైకప్పు చూసి చూసి పిచ్చెక్కుతోందనేవాడు. ఒకసారి బరంపురం వెళ్ళినప్పుడు పాత సామాన్ల కొట్టులో చిన్న తెరతో, మడతపెట్టే ఆట పెట్టె ఒకటి, దాంట్లో ఒక ఆట, ఆ ఆటకి గైడు, మూడూ కలిపి కొన్నాడు. గైడులో దారి చెప్పే చివరి రెండు కాగితాలు ఎవరో చించేశారు. అది కొన్నాకే చూసుకున్నాడు.

ఆట ఏమిటంటే, సముద్రంలో మునిగిన ఒక కోట. ఒక పడవవాడు తన పడవ వెతుక్కుంటూ ఆ కోటలోకి దిగుతాడు. పరుగులూ పేలుళ్ళూ లేవు, మలుపులూ తలుపులే. తమ్ముడి ఎడమ చేతికి సూదులుంటాయి, కదపకూడదు. కుడి చేత్తో ఆడేవాడు.

పుస్తకం నా చేతిలో ఉండేది. ఆడేవాడు పుస్తకం చూడకూడదని వాడి పాత కొట్టు నియమం. ఫోన్‌లో వీడియోలు చూసి ఆడేవాళ్ళంటే వాడికి మంట. "అలగ సూసి ఆడితే ఎవడో నమిలింది మనం మింగినట్టేనే అప్పా" అనేవాడు. మా వైపు అక్కని అప్ప అంటారు.

అది ఇంగ్లీషు పుస్తకం. లెఫ్టు, రైటు, డోరు, కీ, స్టెయిర్సు. ముందు ఈ మాటలు నేర్పాడు. తర్వాత వాక్యాలు. నేను ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని తెలుగులో చెప్పేదాన్ని. ఎడమ అనబోయి కుడి అనేదాన్ని. పడవవాడు వెళ్ళి గోడకి కొట్టుకునేవాడు.

"నీతో ఎల్తే నన్ను మొసలికి పెట్టీసేలాగున్నావు" అని తమ్ముడు విసుక్కునేవాడు.

పక్క మంచం మీద డొంకూరు ధర్మారావు. చేపల వేట చేసిన మనిషి. ఆయన ఊరుకునేవాడు కాదు. "ఏటి పోలమ్మా, ఎందాక ఎల్లినారు? మీ కోట మా డొంకూరు దాకా వచ్చీసిందేటి?"

"మీ ఊరొచ్చింది గాని కంపుకి ఆగలేక ఎనక్కి వచ్చీసినాం" అనేదాన్ని.

నిజం చెబుతున్నాను, ఆట కంటే నాకు పుస్తకమే ఇష్టం. ఇంటికి తీసుకెళ్ళి, ఆడేసిన పేజీలు మళ్ళీ చదువుకునేదాన్ని. విశాఖపట్నం కూడా సరిగ్గా చూడనిదాన్ని, ఆ కోటలో ప్రతి మెట్టూ నాకు తెలుసు. ఫలానా గదిలో గోడ వెనక అర ఉందని తెలిసి, ఆడేవాడికి ఇంకా తెలియకుండా ఉన్నప్పుడు ఒక సంతోషం ఉంటుంది. అది అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఇక ఆ మంగళవారం.

ఆ రోజు గంటల గదికి చేరాం. పైనుంచి కంచు గంటలు వేలాడే గది. పుస్తకంలో దారి చెప్పే ఆఖరి పేజీ అదే. తర్వాత చిరిగిన అంచులు, ఆ వెనక చేపల బొమ్మలు. ఇంకో పుస్తకం దొరికేదాకా ఆపుదామని ముందే అనుకున్నాం. తమ్ముడు ఆట పెట్టె మూసి దుప్పటి మీద పెట్టాడు. నేను పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. సావిత్రి మందుల చీటీ పట్టుకుని బల్ల దగ్గర నర్సు దమయంతితో మాట్లాడుతోంది.

తమ్ముడు రెండుసార్లు ఆవలించాడు. నుదుటి మీద చెమట పట్టింది. యంత్రం మీద ఉన్నవాళ్ళకి ఆవలింతలొస్తే బీపీ పడిపోతోందని అర్థం. నాకు తెలుసు. వెంటనే యంత్రం చూసుకునే ఢిల్లీశ్వరరావుని కేకేశాను. అతను పరుగున వచ్చి బీపీ చూసి, మంచం కాళ్ళవైపు ఎత్తాడు. యంత్రం వేగం తగ్గించి సెలైన్ వదిలాడు. దమయంతి, వెనకే సావిత్రి వచ్చారు. ఇలాంటిది ఇదివరకు కూడా జరిగింది, కాసేపటికి తేరుకునేవాడు. ఈసారి తేరుకోలేదు. కళ్ళు మూతలు పడ్డాయి. పేరు పెట్టి పిలిస్తే పలకలేదు. పెదాలు తెల్లబడ్డాయి.

దమయంతి డాక్టరుకి ఫోను చేస్తోంది. "మాట్లాడుతూ ఉండండమ్మా, జారిపోనివ్వకండి" అన్నాడు ఢిల్లీశ్వరరావు.

అప్పుడు తమ్ముడు మాట్లాడాడు. కళ్ళు మూసుకునే.

"మెట్లు దిగినాను. ఇంకా ఎటు?"

నేను ఏమీ అనలేదు. నా నోరు మూసే ఉంది. సావిత్రి చూసింది, ఢిల్లీశ్వరరావు చూశాడు.

"దీపాలేలాడతన్నాయి. నడిమి దీపం ఆర్పాలా? సరే." కుడి బొటనవేలు బొత్తాం నొక్కినట్టు కదిలింది. "గోడ జరిగింది అప్పా. ఎంత బాగ సదువుతన్నావే ఈరోజు! గడగడా సదివేత్తన్నావు."

"ఒరే, నాను సదవట్లేదురా" అన్నాను. వినబడలేదు.

"నీళ్ళు పాదాలకి తగులుతన్నాయి. పడవుంది. ఎక్కమంటన్నావా? ఎక్కనా?"

"ఎక్కకు!" అని అరిచాను. వినలేదు. సావిత్రి ఏడుస్తూ చెంపల మీద కొట్టింది. వినలేదు. వాడి చెవికి ఏదైనా చేరుతోందంటే అది కోట దారి ఒక్కటే. అది నాకు ఆ క్షణంలో తట్టింది. ఎలా తట్టిందని అడిగితే చెప్పలేను.

పుస్తకం తెరిచాను. గంటల గది పేజీ తీశాను. అక్కడ వచ్చింది చిక్కు. ఆ పుస్తకంలో లోపలికి వెళ్ళే దారే రాసి ఉంది, బయటికి వచ్చే దారి రాయలేదు. వెనక్కి రావాలంటే ఎడమ కుడి అవుతుంది, దిగిన మెట్లు ఎక్కాలి. తిన్నగా చదవడమే రానిదాన్ని తిరగేసి చదవాలి.

"కూర్మీ, మెట్లెక్కు. ఎక్కి గంటల గదిలోకి రా. గంటలు ముట్టుకోకు. తలుపు... ఎడం తలుపు. కాదు కాదు, కుడి. కుడి తలుపురా!" ఒక వరస వదిలేసి, మళ్ళీ వెనక్కి వచ్చి చదివాను. "కారిడారు. చివరిదాకా నడు. ఎడం... ఉండు, ఉండు. ఆఁ, ఎడమే. బావి గది. బావి చుట్టూ తిరుగు."

ఎవరూ నన్ను ఆపలేదు. ధర్మారావు మంచం మీద నుంచి తల తిప్పి చూస్తున్నాడు. ఇంకో మంచం మీదున్న రోగి నీలవేణమ్మ చేతులు జోడించి ఉంది. పేజీలు వెనక్కి తిప్పుకుంటూ, తప్పులు దిద్దుకుంటూ, గొంతు ఎండిపోయేదాకా చదివాను. "సింహద్వారం. తియ్యి. బయటికి రా. రా తమ్మీ."

తమ్ముడు దగ్గాడు. కళ్ళు తెరిచాడు. వెలుగు గుచ్చుకున్నట్టు మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచాడు. బీపీ పెరుగుతోందని ఢిల్లీశ్వరరావు చెప్పాడు.

సెలైన్ పని చేసింది. నాకు తెలుసు. డాక్టరు కూడా వచ్చి అదే అన్నారు. రక్తపోటు పడితే మెదడుకి రక్తం చాలక కలలాంటివి వస్తాయన్నారు. నేను కాదనలేదు. ఆట పెట్టె తెరిచి చూశాను. పడవవాడు గంటల గదిలోనే నిలబడి ఉన్నాడు.

సాయంత్రం బస్సులో తమ్ముడు నెమ్మదిగా చెప్పాడు. "ఇద్దరు సదివినారే అప్పా. రెండూ నీ గొంతులే. ఒకర్తి ముందుకు రమ్మంది, గడగడా సదివింది. ఎక్కడా ఆగనేదు. ఇంకొకర్తి ఎనకనుంచి సదివింది. ఎడం అంది, కాదు కుడి అంది."

"మరి ఎటెల్లాలో ఎలగ తెలిసిందిరా?"

"నీకు గడగడా సదవడం ఎప్పుడొచ్చింది గనక? తప్పులు సదివిందే మా అప్ప అనుకున్నాను. ఇటొచ్చీసినాను."

సావిత్రి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

ఇంతటితో ఆగిపోతే డాక్టరు మాటే ఖాయం చేసుకుని ఊరుకునేదాన్ని. కాని వర్షాలు మొదలయ్యాక, టెక్కలి కొట్టుకి ఒకప్పుడు ఆటకి వచ్చే మనిషి ఒకడు విశాఖపట్నంలో వెతికి అదే గైడు, చిరగనిది, పంపించాడు. తమ్ముడు పెరట్లో ఉన్నాడు. సావిత్రి పక్కన కూర్చుంటే నేనే తెరిచాను. గంటల గది తర్వాతి పేజీ. కిందికి మెట్లు. వేలాడే దీపాలు. నడిమి దీపం ఆర్పితే గోడ జరుగుతుందని రాసి ఉంది. గోడ వెనక పడవ బొమ్మ. ఎక్కితే ఆట ముగుస్తుంది.

ఒక్కటి కలవలేదు. పాదాలకి నీళ్ళు తగిలాయన్నాడు. పుస్తకంలో ఆ గది నేల పొడిగా ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి అదీ రాస్తున్నాను.

ఫోన్‌లో చూసి ఉంటాడని కొందరన్నారు. వాడి సంగతి తెలిసినవాళ్ళు ఆ మాట అనరు. అయినా అడిగాను. ఒట్టు వెయ్యలేదు, కోపం తెచ్చుకున్నాడు. ఆ కోపం నాకు చాలు. కొట్టు రోజుల్లో చూశాడేమో అన్నారు. కొట్టు మూసేశాకే ఆ ఆట వచ్చిందని పుస్తకం పంపిన మనిషే చెప్పాడు. కల అయితే కావచ్చు. కలకి నడిమి దీపం సంగతి ఎవరు చెప్పారు? నా గొంతుతో ఎందుకు చెప్పారు? ఇవి నాకు తెలియదు. తెలిసినట్టు నటించను.

తమ్ముడు ఇప్పటికీ మంచం మీదే ఆడుతున్నాడు, ఆట వేరు, గైడు వేరు. ఈ కొత్త పుస్తకంలో తిరుగుదారి కూడా నేనే ముందుగా చదివి పెట్టుకుంటున్నాను. నవ్వితే నవ్వనీ. పాత ఆటని పడవ దాకా తీసుకెళ్దామని ఒకటి రెండుసార్లు అడిగాడు. నేను ఒప్పుకోలేదు.

ఈ సంగతి అబద్ధమనుకుంటే అడగడానికి మనుషులున్నారు. ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఉన్నవాళ్ళు వీళ్ళు. యంత్రం దగ్గర ఢిల్లీశ్వరరావు. ఫోను పట్టుకున్న నర్సు దమయంతి. పక్క మంచం మీద డొంకూరు ధర్మారావు. గోడవైపు మంచం మీద నీలవేణమ్మ. మా మరదలు సావిత్రి. మా తమ్ముడు కూర్మారావు. పుస్తకం పట్టుకున్న పోలమ్మని నేను. గొంతులు రెండైనా, ఆ గదిలో పోలమ్మని నేను ఒక్కర్తినే.